స్టీలు గిటారు కోసము పుట్టిన పెట్టె



ఒక రాత్రి ప్రార్థన ముగించి పడుకోబోవు సమయమున మా ఇంట ఫోను మ్రోగినది. అమెరికాలో నాష్‌విల్ పట్టణమున ఉద్యోగము చేసికొనుచున్న మా మేనల్లుడు. "మామయ్యా, సంఘములో పాటలు నేర్చుకుంటున్నాము. పాడదామని మైకు దగ్గరకు వంగితే పెదవికి ఫెడేలుమని షాకు కొట్టింది. అప్పుడు నా చేతులు గిటారు తీగల మీద ఉన్నాయి" అన్నాడు. వాని గొంతు ఇంకను వణకుచునే ఉన్నది.

మేము 1971 నుండి కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి బజారులో రేడియోలు, మైకుసెట్లు బాగుచేసి బ్రదికినవారము. వాల్వుల కాలము, ట్రాన్సిస్టర్ల కాలము రెండును చూచినవారము. గనుక మొదట ఒక్కటే అడిగితిమి. "ఆ యాంప్లిఫయరు ప్లగ్గుకు కాళ్లెన్నిరా?"

"రెండే మామయ్యా."

"అయితే ప్లగ్గు పీకివేసి దూరముగా పెట్టు. రేపు మాట్లాడుదాము."

ఆ రేపటి మాట మూడు నెలలు సాగినది. వాడు కొన్నది 1966లో తయారైన ఫెండర్ ట్విన్ రివర్బ్ అను వాల్వు యాంప్లిఫయరు. సుమారు 30 కిలోల బరువు. దానిలో పన్నెండంగుళాల స్పీకర్లు రెండు, 85 వాట్ల శక్తి. వాడు వాయించేది స్టీలు గిటారు. ఆ పెట్టెను స్టీలు గిటారు స్వరమునకు తగినట్లు మార్చుటకు పదకొండు మార్పులు ఒక కాగితము మీద వ్రాసికొని, ఏవి చేయించమంటారని మమ్మును అడిగినాడు. మేము ఆరు కొట్టివేసితిమి. ఎందుకో చెప్పుటకే ఈ వ్యాసము. ఇది మన పల్లెలలో ఎవరికి పనికివచ్చును అని కొందరు అడుగవచ్చును. మన మందిరముల అటకల మీద కూడ పాత వాల్వు మైకుసెట్లు ఉన్నవి. ఆ షాకు మన పెదవికైనను అట్లే కొట్టును.

స్టీలు గిటారు అనగా మన వారు హవాయి గిటారు అని పిలిచేదే. మామూలు గిటారును గుండెకు ఆనించి పట్టుకొని, ఎడమచేతి వ్రేళ్లతో తీగలను మెట్ల మీద అదిమి వాయింతురు. దీనిని ఒడిలోగాని బల్లమీదగాని పడుకోబెట్టి, ఎడమచేత ఒక ఉక్కు కడ్డీ పట్టుకొని తీగల మీద జార్చుచు వాయింతురు. స్వరము ఒక మెట్టు నుండి మరొక మెట్టునకు దుమకక, మనిషి గొంతు వలె జారుచు పోవును. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో జోసెఫ్ కెకూకు అను బాలుడు సుమారు 1889లో ఈ పద్ధతిని కనుగొన్నాడని చెప్పుదురు. ఆ దీవులకు చెందిన టౌ మో కుటుంబము 1940లలో కొన్ని ఏండ్లు కలకత్తాలో ఉండి వాయించుటవలన, నేర్పుటవలన మన దేశములోను ఈ వాద్యము వ్యాపించినది. పాత హిందీ సినిమా పాటలలో మధ్య మధ్య మూలుగుచు పలికే తీగ చాలసార్లు ఇదే.

పాఠకులు గమనింపవలసిన సంగతి ఒకటున్నది. విద్యుత్తుతో పలికే గిటార్లలో అంగడికి మొదట వచ్చి నిలిచినది మామూలు గిటారు కాదు, స్టీలు గిటారే. 1932లో కాలిఫోర్నియాలో అల్యూమినియముతో చేసిన ఆ వాద్యము చూచుటకు పెనము వలె గుండ్రముగా ఉండుటచేత దానికి పెనమనే పేరు వచ్చినది. ఆ తరువాత అదే రాష్ట్రములో ఫుల్లర్టన్ అను ఊరిలో లియో ఫెండర్ అను రేడియో మెకానిక్కు ఉండెను. 1938లో దుకాణము పెట్టిన మనిషి. మా వంటివాడే అని చెప్పుకొనుటకు మాకు కొంచెము అతిశయము. ఆయనకు గిటారు వాయించుట రాదు. పాటగాండ్లు చెడిపోయిన పెట్టెలు తెచ్చి ఇచ్చుచుండగా వాటిని విప్పి చూచి, చెవి యొగ్గి విని, వారికేమి కావలెనో నేర్చుకొనెను. 1945లో డాక్ కాఫ్మన్ అను మిత్రునితో కలిసి స్టీలు గిటార్లను, వాటికి జతగా చిన్న వాల్వు యాంప్లిఫయర్లను తయారుచేసి అమ్మెను. గుల్లలేని కట్టెతో మామూలు గిటారును ఆయన అమ్మినది 1950లో మాత్రమే. అనగా తరువాత లోకమంతట పేరుపొందిన ఆ పెట్టెల వంశము స్టీలు గిటారు ప్రక్కన పుట్టినదే. ఈనాడు స్టీలు వాయించువారు వాటిని తమకు అనుకూలముగా మార్చుకొనుట అంటే, తప్పిపోయినదానిని ఇంటికి మళ్లించుట వంటిది.

ఎట్లు తప్పిపోయినది? మామూలు గిటారు వాయించు యువకులకు పెట్టెను దాని శక్తికి మించి మోగించి, స్వరమును పగులగొట్టుట ఇష్టమాయెను. స్టీలు గిటారు మరియొక దారిన నడిచినది. 1954 నాటికి కాలి మీటలు గల పెడల్ స్టీలు గిటారు పాటలలో వినబడసాగినది. ఆ వాద్యమునకు పగులు పనికిరాదు.

ఎందుకని మా మేనల్లుడే అడిగినాడు. తీగను మీటిన వెంటనే స్వరము పెద్దగా పలికి క్రమముగా తగ్గిపోవును. స్టీలు వాయించువాని కుడికాలి క్రింద శబ్దము పెంచే మీట ఒకటి ఉండును. మీటునప్పుడు దానిని సగమే త్రొక్కి ఉంచి, స్వరము తగ్గుచున్నకొలది మెల్లగా పూర్తిగా త్రొక్కును. అందువలన స్వరము వయొలిన్ వలె నిలిచి ఉండును. అయితే ఆ రెండవ సగము త్రొక్కునప్పుడు పెట్టెలో శక్తి మిగిలి ఉండవలెను. గట్టు ఎక్కవలసిన బండిని చదునులోనే పరుగెత్తించి ఎడ్లను అలయజేసినచో గట్టు దగ్గర ఏమగును? మన చెవికి రెండింతలుగా వినబడుటకు సుమారు పదింతల శక్తి కావలెను. గనుకనే చిన్న గదిలో వాయించుటకైనను వీరు 85 వాట్ల పెట్టెను వెదకుదురు.

మరొక కారణము తీగల కలయిక. ఒక్క తీగను పగిలిన స్వరముతో వాయించినను వినవచ్చును. మూడు తీగలు కలిపి మీటినప్పుడు, పగులుచున్న పెట్టె ఆ మూడు స్వరముల కూడికలు, తీసివేతలు అన్నియు చేసి మనము వాయించని స్వరములను పుట్టించును. స్టీలు గిటారుకు మెట్లు లేవు. కడ్డీ వెంట్రుకవాసి జరిగినను శ్రుతి తప్పును. చెవితో వినుచు సరిచేసికొనుటయే దారి. ఆ వాయించని స్వరముల గోలలో చెవి దేనిని పట్టుకొనును?

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయము. నాష్‌విల్ కేంద్రముగా గల హౌస్ ఆఫ్ గాడ్ అను నల్లజాతి పెంతెకొస్తు సంఘములో ఆర్గనుకు బదులు స్టీలు గిటారే ఆరాధనను నడిపించుచున్నది. ఆ సంఘమును 1903లో మేరీ మగ్దలేనా టేట్ అను సేవకురాలు స్థాపించినది. 1930ల చివర ఫిలడెల్ఫియాకు చెందిన ట్రోమన్ ఈసన్, విల్లీ ఈసన్ అను అన్నదమ్ములు ఈ వాద్యమును ఆరాధనలోనికి తెచ్చిరి. బయటివారికి ఈ సంగతి చాలకాలము తెలియదు. 1997లో అర్హూలీ కంపెనీ వారు ఆ సంగీతమును రికార్డుగా వెలువరించిన తరువాతనే లోకము విన్నది. వారిలో కొందరు స్వరమును కొంచెము గరుకుగా, ఏడ్చి పిలిచే మనిషి గొంతువలె పలికింతురు. అది తెలిసి చేసిన గరుకు. ఒక్క తీగ మీద ప్రసంగించునట్లు వాయించువానికి అది తగును. మా వాడు వాయించేది మూడు, నాలుగు తీగలు కలిపి నెమ్మదిగా పలికించే కీర్తనలు గనుక వానికి స్వచ్ఛమైన స్వరమే కావలెను.

షాకు సంగతి

ఇప్పుడు ఆ రాత్రి జరిగినదానికి వత్తము. 1960ల నాటి అట్టి పెట్టెలకు రెండు కాళ్ల ప్లగ్గే ఉండెడిది. ఎర్తు లేదు. హమ్ము, అనగా గుయ్యిమను చప్పుడు తగ్గించుటకు కరెంటు తీగలలో ఒకదాని నుండి ఇనుప చాసిస్‌కు 0.047 మైక్రోఫారడ్ల కండెన్సరు ఒకటి పెట్టిరి. వెనుకనున్న స్విచ్చిని బట్టి అది ఫేజు వైపునకో న్యూట్రలు వైపునకో కలియును. కండెన్సరు మంచిగా ఉన్నను, ఫేజు వైపు కలిసినప్పుడు అమెరికా వారి 120 వోల్టులకు సుమారు 2 మిల్లీఆంపులు చాసిస్‌లోనికి కారును. అది చురుక్కుమనుటకు చాలును. కండెన్సరు పాతబడి లోపల కలిసిపోయిందా, 120 వోల్టులును చాసిస్ మీదనే.

చాసిస్‌కు గిటారు తీగలు కలిసి ఉండును. స్టీలు వాయించువాడు చేతిలో ఉక్కు కడ్డీ పట్టుకొని, రెండు చేతులు ఆ తీగల మీదనే ఉంచును. ఎదుటనున్న మైకు మరియొక యంత్రము ద్వారా ఎర్తుకు కలిసి ఉన్నది. పెదవి మైకుకు తగిలినంతలో కరెంటుకు దారి దొరికినది. ఆ దారి చేతినుండి గుండె మీదుగా పోవును. అమెరికా మెకానిక్కులు దానిని మృత్యు కండెన్సరు అని ఊరకనే పిలువలేదు.

గనుక జాబితాలో మొదటి పని ఇది: ఆ కండెన్సరును కత్తిరించి తీసివేయుట, మూడు కాళ్ల ప్లగ్గు గల తీగ వేయుట, ఎర్తు తీగను చాసిస్‌కు బోల్టుతో గట్టిగా బిగించుట, ఫేజు తీగ ముందు ఫ్యూజుకు తరువాత స్విచ్చికి పోవునట్లు చేయుట. ఇది స్వరము కొరకు చేయు మార్పు కాదు. అయినను ఇది చేయని పెట్టెలో మరే మార్పైనను చేయించుకొనుట బుద్ధితక్కువ అని మా వానికి కొంచెము కటువుగానే చెప్పితిమి.

ఈ పనిని వానిచేత చేయించలేదు. ఆ పెట్టెలో పవరు వాల్వులకు అందేది సుమారు 460 వోల్టులు. ప్లగ్గు తీసిన తరువాత కూడ పెద్ద కండెన్సర్లలో ఆ కరెంటు నిలువ ఉండును. దానిని కార్చివేయుటకు రెసిస్టెన్సులు ఉన్నవి. మంచిగా ఉంటే నిమిషములో కార్చివేయును. అరువది ఏండ్ల నాటి రెసిస్టెన్సు తెగి ఉన్నదో లేదో పైకి కనబడునా? మా గురువు మాకు మొదట నేర్పిన పాఠము, కరెంటున్న సెట్టులో చేయి పెట్టునప్పుడు ఎడమచేయి జేబులో పెట్టుకొనుట. అక్కడ వాల్వు పనిలో చేయి తిరిగిన ఒక పెద్దాయన దొరికినాడు. ఆయన పనిచేయుచుండగా మా వాడు ఫోనులో చూపించుచుండెను, మేము ఇక్కడ మంచము మీద కూర్చుండి చూచితిమి.

ఏవి చేసితిమి, ఏవి మానితిమి

రెండవ పని ఆ పెద్ద కండెన్సర్లను మార్చుట. వీటిలోని తడి ఏండ్లు గడిచినకొలది ఆరిపోవును. అప్పుడు హమ్ము పెరుగును. లోతైన స్వరమును గట్టిగా మీటినప్పుడు కరెంటు చాలక స్వరము కుంగును. దాని వెనుక వేరొక అపశ్రుతి దయ్యమువలె వినబడును. ట్విన్ రివర్బ్‌లో మొదట ఉన్నవి 70 మైక్రోఫారడ్లవి రెండు, వరుసగా కలిపినవి. వాటి స్థానమున 100 మైక్రోఫారడ్లవి వేసినారు. ఈ పెట్టెలో కరెంటును ఏకముఖము చేయుటకు వాల్వు లేదు, డయోడులు ఉన్నవి గనుక అవి ఆ బరువును భరించును. ఆ పనికి వాల్వు వాడిన చిన్న పెట్టెలలో ఇట్లు పెంచితే వాల్వు చెడును. స్టీలు వాయించువారు ట్విన్‌ను వెదకుటకు ఈ డయోడులు కూడ ఒక కారణము.

మూడవది, నాలుగు 6ఎల్6 పవరు వాల్వులను ఒకే తూకము గలవి వేసి బయాసు సరిచేయుట. ఇది అందరు మెకానిక్కులు ఎరిగినదే.

నాలుగవ మార్పు మాకు చాల ఇష్టమైనది. ఖర్చు స్వల్పము, టంకముతో పని లేదు. మొదటి వాల్వు 12ఏఎక్స్7. మన దగ్గర ఈసీసీ83 అని అమ్మెడివారు. దాని పెంచే గుణము 100. దానిని పీకి అదే గుంటలో 12ఏవై7 పెట్టితే ఆ గుణము సుమారు 44 మాత్రమే. స్టీలు గిటారు పికప్పు చాల బలమైనది. మొదటి వాల్వు దగ్గరనే స్వరము ఎక్కువై పగులుచుండెను. ఈ చిన్న మార్పుతో శబ్దపు బిరడాను రెండు దగ్గర కాక ఐదు, ఆరు దాక త్రిప్పవచ్చును. నచ్చకపోతే పాతది తిరిగి పెట్టుటకు అర నిమిషము చాలును.

ఐదవది స్వరపు రంగు. ఈ పెట్టెలలో బేసును ట్రెబులును దిద్దే ఏర్పాటు మధ్య స్వరములను, సుమారు 400, 500 హెర్ట్జుల చుట్టుప్రక్కల, పల్లమువలె తవ్వివేయును. మామూలు గిటారుకు అది తళుకు. స్టీలు గిటారుకు ప్రాణము ఆ మధ్యలోనే ఉన్నది. అక్కడ తగ్గితే పైస్వరములు సూదులవలె గ్రుచ్చును, క్రింద ఊక. మిడిల్ అని వ్రాసియున్న బిరడా క్రింద 10 కిలో ఓముల కంట్రోలు ఉన్నది. దానిని తీసి అదే రంధ్రములో 25 కిలో ఓములది వేసినారు. త్రిప్పినకొలది ఆ పల్లము పూడుచు వచ్చును. బ్రైటు స్విచ్చిని ఇక ఎప్పుడును వేయవద్దని చెప్పితిమి.

కొట్టివేసిన ఆరింటిలో మొదటిది ముఖపలకకు రంధ్రము చేసి మరొక శబ్దపు కంట్రోలు బిగించుట. తక్కువ శబ్దములో స్వరము పగులగొట్టుటకు గిటారువారు చేయించుకొన్న మార్పు అది. స్టీలుకు అక్కరయే లేదు. రెండవది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మార్చుట. బ్రదికి ఉన్నదానిని ఎందుకు చంపవలెను? మూడవది కప్లింగ్ కండెన్సర్లన్నిటిని మార్చుట. మీటరు పెట్టి చూడగా డీసీ కారుచున్నవి రెండే, వాటిని మాత్రము మరమ్మతుగా మార్చినారు. ఫీడుబ్యాకు రెసిస్టెన్సు, ట్రెమోలో తీగ విప్పుట, ఇవి చెవికి తెలిసీ తెలియనివి.

ఆరవదాని మీద మాకును వానికిని వాదము జరిగినది. స్టీలు గిటారుకు పదునైదంగుళాల స్పీకరు మేలు. ఇది కొత్త మాట కాదు. 1953లో స్టాండెల్ అను పేరుతో బాబ్ క్రూక్స్ అనునాయన స్పీడీ వెస్ట్ అను పేరుపొందిన స్టీలు వాద్యకారునికి పదునైదంగుళాల జేబీఎల్ స్పీకరుతో పెట్టె చేసి ఇచ్చెను. ఫెండర్ కంపెనీ వారే 1972లో ట్విన్ రివర్బ్ లోపలి భాగములను పదునైదంగుళాల ఒకే స్పీకరుతో కలిపి వైబ్రోసానిక్ రివర్బ్ అని విడుదల చేసిరి. 1974లో వచ్చిన పీవీ సెషన్ 400 ట్రాన్సిస్టరు పెట్టెలోను పదునైదంగుళాల స్పీకరే. చాలమంది స్టీలు వాద్యకారులు వాల్వులను విడిచి అటు వెళ్లిపోయిరి. నమ్మకమైన యంత్రము, మేము దానిని తక్కువ చేయము.

గనుక వాని కోరిక న్యాయమే. వాడు చేయదలచిన విధమే న్యాయము కాదు. స్పీకర్లు బిగించిన ముందుపలకను రంపముతో కోసి, రెండు రంధ్రములను ఒకటిగా చేయవలెనని ఉన్నాడు. "ఇది నా పెట్టె కదా మామయ్యా!" అన్నాడు. "నీదేరా. నీకు ముందు ఎవరిదో, నీ తరువాత ఎవరిదో కూడ. 1966లో చేసిన పలకను కోసిన తరువాత ఏ వడ్రంగి అతికించును?" అని అడిగితిమి. వాడు రెండు వారములు ఫోను చేయలేదు. మా ఇంటామె మమ్మును తప్పుపట్టినది.

తరువాత వాడే దారి కనిపెట్టినాడు. వేరొక చెక్కపెట్టె చేయించి దానిలో పదునైదంగుళాల స్పీకరు బిగించినాడు. ట్విన్ రివర్బ్ ట్రాన్స్‌ఫార్మరు 4 ఓములకు చేసినది. రెండు ఎనిమిది ఓముల స్పీకర్లు ప్రక్క ప్రక్కన కలిపితే నాలుగే గదా. గనుక కొత్త స్పీకరును 4 ఓములదే తెప్పించినాడు. లోపలి స్పీకర్ల తీగ ఊడదీసి ఆ రంధ్రములో దీని తీగ పెట్టుటయే. అయితే స్పీకరు తగిలించకుండ వాల్వు పెట్టెను ఎన్నడును మోగించరాదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును.

మన అటకల మీది మైకుసెట్ల గూర్చి ఒక మాట. ఏండ్ల తరబడి మూలన పడిన వాల్వు సెట్టును దింపి ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టకుడి. మన కరెంటు 230 వోల్టులు. ఎర్తు ఉన్నదో లేదో చూపించి, సీరీస్ బల్బు పెట్టి మొదట వెలిగించు మెకానిక్కునకే ఇయ్యుడి. బల్బు పూర్తి కాంతితో వెలుగుచునే ఉంటే లోపల ఎక్కడో కలిసినదని అర్థము.

మా వాడు తీసిన భాగములన్నిటిని, కత్తిరించిన ఆ మృత్యు కండెన్సరుతో సహా, ఒక కవరులో వేసి, ఏది ఎక్కడిదో వ్రాసి, పెట్టె అడుగున అంటించినాడట. మొన్న ఆదివారము ఆరాధనలో వాయించినది ఫోనులో పంపినాడు. మేము చాసిస్ హమ్ము కొరకు చెవి పెట్టి వినుచున్నాము. బియ్యము ఏరుచున్న మా ఇంటామె చేట ప్రక్కన పెట్టి, "మైకు దగ్గర పాడుచున్నది వాడేనా?" అని అడిగినది. వాడే.